తెర వెనక గోదావరి

ఎండలు ముదిరితే మా ఇంట్లో మధ్యాహ్నం పూట వాకిట్లోకి తెరిచే తలుపుకు తడి దుప్పటి కడతారు. నిన్న వదిన దుప్పటి తడిపి పిండి, అవతలి నుంచి కొసలు సర్దుతోంది. బయటి వెలుగుకు ఆమె నీడ బట్ట మీద పడింది. గాజుల చెయ్యి ఒకటి పైకి లేచింది. అది కుడి చెయ్యో ఎడమ చెయ్యో నాకు ఒక్క క్షణం తెలియలేదు. తడిసిన ముతక నూలు వాసన గదంతా నిండింది. చదువుతున్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ వాసన నాకు ఎండాకాలం వాసన కాదు, సినిమా డేరా వాసన.

నాకప్పుడు పదకొండేళ్ళు. నిజామాబాదులో బట్టల బజారు వెనక గల్లీలో ఉండేవాళ్ళం. బాపుకు చిన్న బట్టల దుకాణం. బొంబాయి నుంచి వచ్చే సన్నబట్టల మడతల మధ్య ఉల్లిపొర లాంటి కాగితాలు పెట్టి పంపేవారు. బాపు వాటిని పారెయ్యకుండా నాకోసం తెచ్చేవాడు. అవ్వ వాటిని సూదీదారంతో కుట్టి పుస్తకం చేసి ఇచ్చేది. నేను మాట్లాడేది తక్కువ. చుట్టాలొస్తే వడ్ల గుమ్మి వెనక్కి పోయి కూర్చునేదాన్ని. అవ్వ నన్ను ముంగి అని పిలిచేది. నోటితో చెప్పలేనివన్నీ ఆ కాగితాల మీద బాపు నేర్పిన తెలుగులో రాసుకునేదాన్ని. వాటితో ఒకటే చిక్కు. సిరా అవతలికి దిగేది. ఈ పక్క రాసింది ఆ పక్క తిరగబడి కనిపించేది. అందుకని ఒక్కో కాగితానికి ఒక పక్కనే రాసేదాన్ని.

మా ఆడపిల్లల బడి ఒక అద్దె ఇంట్లో ఉండేది. ముప్పై మందిమి. చదువంతా ఉర్దూలో. చదువు చెప్పే పంతులమ్మను ఉస్తానీ అనేవాళ్ళం, హైదరాబాదు నుంచి వచ్చిన ఆమె. సన్నటి మనిషి, వక్కపొడి వాసన వచ్చేది. తెలుగు మా దగ్గరే నేర్చుకుంది, మా మాటలే మాకు తిరిగి చెప్పేది. గోడకు ఒకప్పుడు దేశపటం ఉండేదట. నేను చేరేసరికి చెదలు తినగా చుట్టుకునే కర్రా, అడుగున ఇంత సముద్రం ముక్కా మిగిలాయి. ఉస్తానీ ఆ ముక్కను పారెయ్యలేదు. భూగోళం పాఠం వచ్చినప్పుడల్లా దాన్ని చూపించి, దీని మీద దేశం ఉన్నట్టు అనుకోండి అనేది. మేము అనుకునేవాళ్ళం.

ఆ చలికాలం బోధన్ దిక్కు చక్కెర కార్ఖానా కడుతున్నారు. పనివాళ్ళ జనం పెరిగిందని ఒక సినిమా డేరా వచ్చింది. కొన్నాళ్ళు బోధన్‌లో, కొన్నాళ్ళు మా ఊళ్ళో ఆడేది. మాట్లాడని బొమ్మలు. సాయంత్రాలు జనం కోసం కథల సినిమాలు. గురువారం మధ్యాహ్నం మాత్రం మగపిల్లల బడికి పాఠాల రీళ్ళు వేసేవారు. ఓడలు, రైళ్ళు, పట్టుపురుగులు, దోమ ఎట్లా పుడుతుంది, చలిజ్వరం ఎట్లా వస్తుంది. మా అన్న చూసి వచ్చి రాత్రి అన్నం దగ్గర చెప్పేవాడు. సగం చెప్పి, మిగతాది నీకు అర్థం కాదులే అనేవాడు.

ఉస్తానీ పైవాళ్ళకు అర్జీ పెట్టింది. మా పిల్లలకు కూడా చూపించాలని. జవాబు వచ్చింది. రెండు నెలలు చూపించండి, తర్వాత తనిఖీకి ఒకామె వస్తారు, పిల్లలకు పాఠం పట్టుబడితే ప్రతి యేడూ చూపిస్తాం, ఒక పుస్తకాల బీరువా కూడా ఇస్తాం, పట్టుబడకపోతే అంతటితో ఆపేస్తాం అని. ఉస్తానీ ఆ కాగితం మా అందరికీ చదివి వినిపించింది. బీరువా అన్న మాట నేను ఆ రాత్రి నా కాగితం మీద మూడుసార్లు రాసుకున్నాను.

ఇళ్ళల్లో ఒప్పించడం ఇంకో పని. ఉస్తానీ బుర్ఖా వేసుకుని ఇంటింటికీ తిరిగింది. మా ఇంటికి వచ్చిన రోజు అవ్వ ఆమెకు చాప వేసి, వేయించిన పల్లికాయ, కొత్త బెల్లం పెట్టింది. ఆ బెల్లం బోధన్ దగ్గర మా మామ పొలంలో వండింది. ఇంకా కొంచెం పొగ వాసన ఉండేది.

"సీనిమ సూస్తే సదువొస్తదా అమ్మా?" అని అడిగింది అవ్వ.

"నేను సముద్రం అంటే వీళ్ళు పెద్ద కుంట అనుకుంటున్నరు అవ్వా. ఒక్కసారి చూడనియ్యండి."

అవ్వ కాసేపు పల్లికాయ పొట్టు ఊదింది. తను కూడా సముద్రం చూడలేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చివరికి అందరి ఇళ్ళల్లో ఒకే షరతు మీద ఒప్పుకున్నారు. బొమ్మల మిషనూ, దాన్ని నడిపే మగవాళ్ళూ, మగపిల్లలూ తెరకు ముందు దిక్కున ఉంటారు. ఆడపిల్లలు తెర వెనక కూర్చోవాలి. వెనక నుంచే తొవ్వ, చుట్టూ కనాతు గుడ్డల అడ్డం.

అట్లా మేము గురువారం గురువారం పర్దా బండ్లలో డేరా వెనక్కి చేరేవాళ్ళం. మిషన్ ఆయన నెరిసిన గడ్డం ముసలాయన. మేము రాకముందే తెర మీద బిందెలతో నీళ్ళు చల్లి పోయేవాడు. బట్ట తడిస్తేనే బొమ్మ వెనక్కి బాగా దిగుతుందట. నీళ్ళు కింద గడ్డి మీద కారేవి. పచ్చిగడ్డి, తడిబట్ట, అవతలి నుంచి కార్బైడ్ దీపం ఘాటు. మా కాళ్ళు చల్లబడేవి. డేరా తెరలు దించి చీకటి చెయ్యగానే నా పక్కన కూర్చునే గాజులవాళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకునేది. భయం నీకని పట్టుకున్న అనేది.

మొదటి రోజే బొమ్మల కింద అక్షరాలు తిరగబడి వచ్చాయి. ఉర్దూ ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే మేము నోళ్ళు మూసుకుని నవ్వాము. వెనక కూర్చున్నాం కదా, రాతను వదిలేయండి, బొమ్మ చూడండి అంది ఉస్తానీ. ఆమె తెరకు వీపు పెట్టి, మా దిక్కు తిరిగి, ముందుగానే రాసుకున్న కాగితం చూసి చెప్పేది. బొమ్మలకంటే మా మొహాలే ఎక్కువ చూసేది. అక్షరాలు తిరగబడ్డాయని మా అందరికీ తెలుసు. మిగతావి కూడా తిరగబడ్డాయని ఒక్కరికీ తోచలేదు.

చక్కెర రీలు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎక్కడో దీవిలో చెరుకు నరుకుతున్నారు. మా మామ పొలంలో నరికినట్టే, కాని కొడవలి ఎడమ చేతిలో. పని అయ్యాక వరసగా కూర్చుని ఎడమ చేత్తో తింటున్నారు. గాజులపిల్ల నా చెవిలో, వాళ్ళ అమ్మలు చెప్పలేదేమో పాపం అంది. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. నేను వరసగా నాలుగు మాటలు మాట్లాడటమే అవ్వకు వింత. విని మొహం చిట్లించి, ఎడమ చేత్తో తినేటోళ్ళ చక్కెర మనకెందుకు, బెల్లం లేదా అంది. ఆ వారమంతా మా ఇంట్లో చాయ బెల్లంతోనే.

ఆ తర్వాతి గురువారం దేశపటం వచ్చింది. గోడ మీద సముద్రం ముక్క తప్ప ఏమీ చూడని మాకు తెర నిండా దేశం. దాని మీద నల్లటి గీతలుగా నదులు ఒక్కొక్కటే పుట్టి నడిచాయి. ఇది మన గోదావరి అంది ఉస్తానీ, ఇక్కడ కొండల్లో పుట్టి దేశమంతా నడిచి సముద్రంలో కలుస్తుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం మారింది. మేమందరం చూశాం. గోదావరి కుడి పక్కన పుట్టి ఎడమ పక్కకు పోయింది. పటంలో కుడిచెయ్యి తూర్పు, ఎడమచెయ్యి పడమర అని ఆమె మాకు నేర్పి ఉంది. మరునాడు బడిలో ముప్పై మందిమి ఒకే గొంతుతో వల్లె వేశాం. గోదావరి తూర్పున పుట్టి పడమటి సముద్రంలో కలుస్తుంది. పక్క గదిలో చిన్నపిల్లలకు లెక్కలు చెబుతున్న ఉస్తానీకి మా గోల రాగంగా వినిపించిందే తప్ప మాటలు వినిపించలేదు.

నేను వల్లె వేశాను గాని నాకు లోపల కుదరలేదు. ఆ కార్తీకంలోనే అవ్వతో బండి కట్టుకుని కందకుర్తికి గోదావరి స్నానానికి పోయాను. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే అవ్వ నా చేత దొప్పలో దీపం పెట్టించి నీళ్ళ మీద వదిలించింది. ఎదురుగా పొద్దు పొడుస్తోంది. దీపం పొద్దు దిక్కే పోయింది. కళ్ళు మిరుమిట్లు పోయేదాకా దాన్నే చూశాను. పోయే దీపాన్ని అంతసేపు చూడొద్దని అవ్వ నా తల తిప్పింది కూడా. ఇప్పుడు తెర మీద గోదావరి పొద్దు గూకే దిక్కు పోతోంది. ఆ రాత్రి పటం గుర్తున్నంత మటుకు కాగితం మీద సిరాతో వేసి, కింద రాసుకున్నాను: నేను చూసింది తప్పా, తెర తప్పా.

మరునాడు పొద్దున కొత్త కాగితం కోసం ఆ పేజీ తిప్పాను. కిటికీ వెలుగు వెనక నుంచి పడింది. సిరా దిగిన పక్కన గోదావరి కొండల్లో ఎడమ పక్క పుట్టి కుడికి నడుస్తోంది. అవ్వ దీపం పోయిన దిక్కుకే. పేజీని ఇటు తిప్పాను, అటు తిప్పాను. మొదట నవ్వొచ్చింది. ఆ దీవివాళ్ళు కుడి చేత్తోనే తింటున్నారని గాజులపిల్లకు చెప్పాలనిపించింది. తర్వాత భయమేసింది. ముప్పై మందిమి తప్పు నేర్చుకున్నాం, తనిఖీకి ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి.

చెప్పాలంటే లేచి నిలబడాలి. నిలబడితే అందరూ నా దిక్కు చూస్తారు. పెద్దవాళ్ళకు తోచనిది నాకెట్లా తోస్తుందని కూడా అనిపించేది. మూడుసార్లు ఉస్తానీ బల్ల దాకా పోయాను. మూడోసారి ఆమె తల ఎత్తి, ఏం బేటా అని అడిగింది. నీళ్ళు అన్నాను. పోయి తాగి రా అంది. తాగి వచ్చి నా చోట కూర్చున్నాను.

తనిఖీ అమ్మ తెల్లటి చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. గది అలికి ముగ్గు పెట్టాం. ఉస్తానీ మంచి దుపట్టా వేసుకుంది. చలిజ్వరం గురించి అడిగితే పిల్లలు గడగడ చెప్పారు. దోమ గుడ్లు నీళ్ళ మీద ఎట్లా తేలుతాయో ఒకతె చేతులతో చూపించింది. తనిఖీ అమ్మ నవ్వింది. ఉస్తానీ మెడ దగ్గర బిగుసుకున్న నరం సడలడం నేను చూశాను. ఆ తర్వాత తనిఖీ అమ్మ అందరికీ కాగితాలు పంచి, దేశపటం గీసి గోదావరి చూపించండి అంది.

నేను సరైన పటమే గీశాను. పెన్సిలు గట్టిగా నొక్కి, గోదావరిని ఎడమ నుంచి కుడికి. తల ఎత్తి చూస్తే గాజులపిల్ల కాగితం మీద నది కుడి నుంచి ఎడమకు పోతోంది. ముందు వరుసలో అందరివీ అంతే. ఇరవై తొమ్మిది మంది ఒక దిక్కు, నేనొక్కదాన్నే ఇంకో దిక్కు. రబ్బరు తీసుకుని చెరిపేసి అందరిలాగే గీశాను. అది చెయ్యడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

తనిఖీ అమ్మ కాగితాలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. నాలుగో కాగితం దగ్గర నవ్వు ఆగిపోయింది. పదో కాగితం తర్వాత చూడటం మానేసింది. గాజులపిల్లను లేపి, గోదావరి ఎటు పారుతుందని అడిగింది. పొద్దు గూకే దిక్కు అంది అది, ధైర్యంగా. నువ్వెప్పుడూ గోదావరి చూడలేదా అంటే, చూశానంది. వాళ్ళ అమ్మమ్మ ఇల్లు ఏటి ఒడ్డునే. మరి అక్కడ ఎటు పోతుంది?

గాజులపిల్ల ఆలోచించింది. "ఆడ పొద్దు పొడిచే దిక్కు పోతది మేమ్‌సాబ్. సినిమాల పొద్దు గూకే దిక్కు పోతది."

ఎవరూ నవ్వలేదు. తనిఖీ అమ్మ కలం మూత పెట్టింది. కళ్ళతో చూసింది కూడా పిల్లలు మరిచిపోయేట్టు చేసే చదువు ఎందుకు, ఇది ఆపేయడమే మంచిదని మెల్లగా ఉర్దూలో అంది. ఉస్తానీకి తప్పు ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. గోడ మీద మిగిలిన సముద్రం ముక్కను చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం నేను చూడలేకపోయాను.

నా సంచీలో నా కాగితాల పుస్తకం ఉంది. అది తీసుకుని లేచానని నాకు తెలుసు, నడిచింది మాత్రం గుర్తులేదు. కిటికీ దగ్గరికి పోయి, పటం ఉన్న పేజీని వెలుగుకు పట్టాను. ముందు ఈ పక్క. తర్వాత తిప్పి ఆ పక్క.

తనిఖీ అమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె దగ్గర గంధం సబ్బు వాసన వచ్చింది. పేజీ తీసుకుని తనే రెండుసార్లు తిప్పి చూసింది. కింద నేను రాసుకున్న మాటలు తెలుగులో ఉన్నాయి. ఆమెకు తెలుగు చదవడం వచ్చో రాదో నాకు తెలియదు.

"మీరు సినిమాలో ఎక్కడ కూర్చున్నరు?"

ముప్పై మందిలో ఎవరో అన్నారు, తెర వెనక అని. ఇంకొకరు అన్నారు. అందరూ అన్నారు. ఉస్తానీ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఆమెకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది.

"పిల్లలు చూసింది చూసినట్టే గీసిండ్రు. తప్పు వీళ్ళది కాదు," అంది తనిఖీ అమ్మ. మూసిన కలం మళ్ళీ తెరిచింది. వచ్చే గురువారం తనూ డేరాకు వస్తానని, ఆ తర్వాతే రాస్తానని చెప్పింది.

మమ్మల్ని ముందు దిక్కు కూర్చోబెట్టడానికి ఇళ్ళల్లో ఎవరూ ఒప్పుకోలేదు. అవ్వ అయితే, నది ఎటన్నా పోనీ, పిల్ల మగోళ్ళ ముందల కూసునుడు లేదు అంది. ఉస్తానీ దిగులుగా డేరాకు పోయి, కనాతు చాటు నుంచి మిషన్ ఆయనకు సంగతి చెప్పింది. నేనూ గాజులపిల్లా ఆమె వెనకే ఉన్నాం. ముసలాయన అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"రీలు మలిపి ఎక్కిస్తే అయిపాయె. ఎనకదిక్కు సక్కగ పడ్తది. ఇన్నొద్దులు ఎవ్వరడగకపోతిరి," అన్నాడు.

అట్లా చేస్తే ముందు కూర్చున్న మగపిల్లలకు తిరగబడుతుంది. వాళ్ళ పెద్దపంతులు ఒప్పుకోనన్నాడట. అక్షరాలు తిరగేసి చూస్తే పిల్లల చదువు దెబ్బతింటుందని కబురు పంపాడు. మా పిల్లలు రెండు నెలలు అట్లాగే చదివిండ్రు, ఏమీ కాలేదని ఉస్తానీ జవాబు పంపింది. ఒక గురువారం వాళ్ళకు, ఒక గురువారం మాకు అని తెగింది.

మా గురువారం తనిఖీ అమ్మ కూడా మాతోపాటు తడిగడ్డి మీదే కూర్చుంది. చీర అంచు తడిసినా పట్టించుకోలేదు. మళ్ళీ అదే పటం. కింద అక్షరాలు వచ్చాయి. తిన్నగా వచ్చాయి. మేమెవ్వరం మాట్లాడుకోలేదు గాని ముప్పై మందిమి ఒక్కసారే చదివాం. దర్యా అని, గోదావరి అని, సముందర్ అని. ఉస్తానీ చెప్పడం ఆపేసి మొదటిసారి తెర దిక్కు తిరిగి నిలబడింది. గాజులపిల్ల మోచేత్తో పొడిచి, నువ్వు గట్టిగ చదువుతున్నవే అంది. అప్పుడు గాని ఆ గొంతుల్లో నాదీ ఉందని నాకు తెలియలేదు. తెర అవతల మగపిల్లలు గోలపెట్టి ఈలలు వేస్తున్నారు. గోదావరి మా దిక్కు పొద్దు పొడిచే దిక్కుకు పోయింది.

ఆ రాత్రి అన్న అన్నం దగ్గర అలిగి కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, గోదావరి ఎనకకు పారింది, అందరూ ఎడమ చేత్తో రాస్తున్నరు అని సణిగాడు.

అవ్వ వాడికి రొట్టె మీద వెన్న పెడుతూ, "రెండు నెలల సంది మీ చెల్లె గదే సూసింది బిడ్డా. ఒక్కనాడు నువ్వు సూస్తే అరిగిపోతవా," అంది.

బీరువా వచ్చింది, చిన్నదే. అందులో మొదటి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నది నేనే. డేరా వానలకు ముందే పోయింది, తర్వాత యేడు ఇంకో డేరా వచ్చింది. కార్ఖానా పొగగొట్టం లేచాక మామ బెల్లం వండటం మానేసి చెరుకంతా బండ్లకెత్తి పంపాడు. ఆ పొగ వాసన బెల్లం మళ్ళీ మా ఇంటికి రాలేదు. అవ్వ పోయింది. గాజులపిల్ల పెళ్ళయి నాందేడు పోయింది. ఉస్తానీకి బదిలీ అయింది.

పోయే ముందు ఆమె మా పరీక్ష కాగితాలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. నాది ఇచ్చేటప్పుడు కిటికీ దగ్గరికి పిలిచి, కాగితాన్ని వాలుగా వెలుగుకు పట్టింది. చెరిపేసిన నది జాడ కాగితం మీద గుంటలా పడి ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టి కొండల నుంచి సముద్రం దాకా నడిపించింది.

"ఇది ఎందుకు చెరిపినవ్ బేటా?" అని అడిగింది.

ఆమె వేలు ఆగిన చోట నేనూ వేలు పెట్టాను. ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

నిన్న తడి దుప్పటి ఆరేదాకా ఆ కాగితాన్ని పెట్టెలో వెతికాను, దొరికింది. పైన గీసిన పెన్సిలు గీత దాదాపు చెరిగిపోయింది. కింద నేను చెరిపేసిన గోదావరి మాత్రం ఇంకా వేలికి తగులుతోంది.